రెండయ్యాకే వేరు

ఇంటికి రంగులు వేయించాలని అటక మీది సామాను దింపించిన రోజున ఒక అట్టపెట్టె దొరికింది. దువ్వాడలో ఈ ఇల్లు కట్టుకుని వచ్చినప్పుడు సర్దిన మూటల్లో అదొకటి, అప్పటినుంచీ ఎవరూ విప్పలేదు. లోపల పాత చీరముక్కలో చుట్టిన గాజు స్లైడ్లు, మైక్రోస్కోపు కింద పెట్టి చూసేవి. చాలావరకు పగిలిపోయాయి. పగలని ఒకదాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మధ్యలో లేత గులాబీరంగు మరక కనిపించింది, అంతే. అయినా అందులో ఏముందో నాకు తెలుసు. సముద్రపు ముళ్ళకాయ గుడ్లు, ఇంగ్లీషులో సీ అర్చిన్ అంటారే, ఆ జీవివి. ఒకటి రెండవుతున్నవి, రెండు నాలుగవుతున్నవి, ఆ పనిలో ఉండగానే రంగులో ఆగిపోయినవి. జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, కణ విభజన పాఠం ఎన్ని బ్యాచీలకు చెప్పానో నాకే గుర్తులేదు. కానీ ఆ పాఠం నేను మొట్టమొదట చెప్పింది క్లాసులో కాదు. మా పేటలో, మా వాకిట్లో, చేపలు తోముతూ కూర్చున్న మా మామ్మకి. మామ్మంటే మా నాన్నను కన్నతల్లి, పేరు పోలమ్మ.

మాది సముద్రం మీద బతికే ఇల్లు. మామ్మ, అమ్మా నాన్నా, బాబాయి, పిన్ని, మేం పిల్లలం, అందరం ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద. నాన్నా బాబాయీ చుక్క పొడవగానే తెప్ప తోసుకుపోతే పొద్దెక్కాక వచ్చేవారు. వచ్చిన చేపను అమ్మా పిన్నీ తట్టల్లో పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళేవారు. వాళ్ళు తిరిగొచ్చేవరకూ ఇంటికి మామ్మే కాపలా, మాకూ ఆవిడే కాపలా. మా ఇంటికి ఎప్పుడూ రెండు వాసనలు, ఎండుచేపలదొకటి, తడివలదొకటి. గాలి రేవు వైపు నుంచి తిరిగితే ఓడల్లోకి ఎత్తే ఇనుపఖనిజం దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద ఎర్రగా వాలేది. అమ్మ విసుక్కుంటే మామ్మ, ‘అద్దకం కూలి లేకుండా అద్దకం’ అని నవ్వేది. నవ్వినప్పుడు చుట్ట తీసేది కాదు. మా వైపు ఆడవాళ్ళ అలవాటే అది, అడ్డపొగ అంటారు. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని పీల్చడం. నిప్పు నోట్లో పెట్టుకుని అంత చల్లగా మాట్లాడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మా గుమ్మం పక్కన ఒక దుంగ పడి ఉండేది. మామ్మ ఆసనం అదే. మొదట్లో అది తెప్పలో దుంగ. తెప్పంటే తెలియనివాళ్ళకి చెప్పాలి: నాలుగు దుంగల్ని వరసగా పేర్చి తాళ్ళతో బిగించి కడతారు, ఒడ్డుకొచ్చాక విప్పి ఆరబెడతారు. మామ్మ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో మా తాతా, ఆయన తమ్ముడూ మాటామాటా అనుకుని వేరుపడ్డారట. వేరుపడితే ఉన్నదంతా సమానంగా పంచాలి కదా. పెద్దలు కూర్చుని ఇంట్లో కుండల దగ్గరనుంచీ పంచి చివరికి తెప్ప దగ్గరికొచ్చారు. ఎలాగూ విడిగా ఉన్న దుంగలేనాయె, చెరి రెండు ఇచ్చేశారు. వలను మధ్యకు కోశారు. ఎవరికీ అన్యాయం జరగలేదు. ఆ ఏడాది చేపలు ఒడ్డుకు దగ్గరగా వచ్చిన రోజుల్లో మాత్రం అన్నదమ్ములిద్దరూ చెరో రెండు దుంగల మీదా కూర్చుని, పక్కవాళ్ళు తెప్పలు తోసుకుపోతుంటే చూశారు. రెండు దుంగలు మనిషిని మోయవు, సగం వల చేపను ఆపదు. మళ్ళీ కలుపుకుందామంటే ఇద్దరికీ మొహం చెల్లలేదు. తాత వాటా దుంగల్లో ఒకటి పొయ్యిలోకి పోయింది, ఒకటి మామ్మకు మిగిలింది.

నేను డిగ్రీలో చేరిన రోజులకి మా ఇంట్లోనూ అదే గాలి మొదలైంది. బాబాయికి నైలాను వలలు కావాలి, లోతుకు పోవాలి. నాన్నకి తెలిసిన నీళ్ళే కావాలి. ఒకే తెప్ప మీద ఇద్దరూ మాట్లాడుకోకుండా వెళ్ళి మాట్లాడుకోకుండా వచ్చేవారు. మగవాళ్ళు మాటలు మానేస్తే ఆ మాటలన్నీ పొయ్యి దగ్గర తేలతాయి. పులుసులో ఉప్పెక్కువైందని అమ్మ, కట్టెలన్నీ తానే చీలుస్తున్నానని పిన్ని. మామ్మ ఎవరి వైపూ మాట్లాడేది కాదు. ఆవిడ భయం వేరే ఉంది. మా ఎదురింటి ముసలమ్మకి ఇద్దరు కొడుకులు. వేరుపడ్డప్పుడు తల్లిని కూడా వంతులేసుకున్నారు. ప్రతి అమావాస్యకీ ఒక కొడుకు వచ్చి ఆవిడ మంచం ఎత్తుకెళ్ళి రెండో కొడుకు గుమ్మంలో దించేవాడు. వెనకాల ఆవిడ చెంబు పట్టుకుని నడిచేది. అమావాస్య నాడు మామ్మ దుంగ మీద కూర్చునేది కాదు, లోపలికెళ్ళి ఏదో పని కల్పించుకునేది. ‘నాను కూడా అలగ సెంబట్టుకొని ఎల్లాలేటి’ అని ఒకసారి గోడకేసి తనలో తను అనుకోవడం విన్నాను.

కాలేజీలో ఆ ఏడు మాకు కణ విభజన. మొదట ఉల్లిపాయ వేళ్ళ మీద చూపించారు. ఇంట్లో గ్లాసు మీద ఉల్లిపాయ నిలబెట్టి రోజూ నీళ్ళు మారుస్తుంటే మామ్మ, ‘ఉల్లిపాయకి తానాలు సేయిత్తన్నావు, పెళ్ళి ఎప్పుడే దానికి’ అని ఏడిపించింది. ఆ వేళ్ళ కొసలు కోసి, రంగులో నానబెట్టి, నొక్కి చూస్తే గదుల వంటి కణాలు, ఒక్కో గదిలో నల్లటి దారాలు. అవే క్రోమోజోములు. విడిపోయేటప్పుడు ఉల్లిపాయ కణం నడిమధ్యన గోడ కట్టుకుంటుంది. మొక్కల పద్ధతి అది. జంతువుల కణాలు గోడ కట్టవు, నడుం బిగించుకుని విడిపోతాయి, దాన్ని బతికుండగా చూడాలంటే సముద్రపు ముళ్ళకాయ గుడ్లు కావాలి అన్నారు మా మేడం. అంటూ నావైపు చూశారు. క్లాసులో సముద్రం ఇల్లుగా ఉన్నది నాకొక్కదానికే.

నాన్నకు చెబితే ముందు నమ్మలేదు. నల్లగా, ఒళ్ళంతా ముళ్ళతో రాళ్ళ సందుల్లో కరుచుకునుండే వాటిని మా వాళ్ళు తిట్టుకోవడమే తప్ప ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. ‘ఏటి, కాలేజీలో ఇయ్యి తింతారేటి’ అన్నారు. అయినా మర్నాడు కొండ కింది రాళ్ళ దగ్గరికెళ్ళి కొన్ని ఊడదీసి, తడిగోనెలో చుట్టి, కుండెడు సముద్రపు నీళ్ళతో సహా కాలేజీ గేటు దాకా తెచ్చారు. వాచ్‌మన్ చేపలమ్మేవాడనుకుని పొమ్మంటే, ‘మా అమ్మాయి సదువు తెచ్చినాను బాబూ’ అన్నారట. ఆ మాట మేడం నాకు చెప్పి చాలాసేపు నవ్వారు, తరవాత కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ముళ్ళకాయకి సూదితో మందు ఎక్కించి బీకరు మీద బోర్లిస్తే, ఆడదైతే పసుపు గుడ్లు జారతాయి, మగదైతే పాలలాంటి చుక్క. రెంటినీ సముద్రపు నీళ్ళలో కలిపి చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు మేడం. గుడ్డు చుట్టూ సన్నని పొర పైకి లేచింది. తరవాత ఏమీ జరగలేదు. అందరూ భోజనాలకెళ్ళిపోయారు. నేను కన్ను తీయలేదు, ఆకలి కూడా గుర్తు రాలేదు. గుండ్రటి గుడ్డు మధ్యలో ఉన్న కేంద్రకం మెల్లగా మసకబారి మాయమైంది. దానికి ఇరువైపులా తేటగా రెండు చోట్లు ఏర్పడి ఒకదానికొకటి దూరం జరిగాయి. గుడ్డు కొద్దిగా సాగింది. అప్పుడు నడుం దగ్గర సన్నని నొక్కు పడింది. మూట నోరు తాడుతో బిగించినట్టు ఆ నొక్కు లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళి, చివరికి అక్కడ రెండు ఉన్నాయి. ఆ పొరలోపలే, ఒకదానికొకటి ఆనుకుని. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ గుడ్లలో కొన్నిటిని మేడం రంగుపెట్టి స్లైడు చేసి చూపించారు, బతికున్నప్పుడు కనపడని దారాలు అందులో తేలాయి. అక్కడ అర్థమైంది అసలు సంగతి. విడిపోవాలనుకున్న కణం ముందు తన దగ్గరున్న ప్రతి దారానికీ అచ్చంగా మరో దారం చేసుకుంటుంది. చేసుకున్నాకనే జతలన్నిటినీ నడుం దగ్గర వరసలో నిలబెట్టి, ఇటొకటి అటొకటి లాగుతుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామ్మ వాకిట్లో కవళ్ళు తోముతోంది. కవళ్ళంటే చిన్న వెండిచేపలు. నన్ను చూసి, ‘ఏటే గుంటా, మొకం అలగ ఎలిగిపోతన్నాది’ అంది.

‘ఈయాల ఒకటి రెండవడం సూసాను మామ్మా.’

‘కోసేరేటి మజ్జికి?’

‘కొయ్యలేదు. దానికదే అయినాది.’ పక్కన కూలబడి, చూసిందంతా చెప్పాను. దారాలు, జతలు, వరస, నడుం బిగించుకోవడం. మామ్మ చేతులు ఆగలేదు కానీ చుట్ట మాత్రం నోట్లోంచి బయటికొచ్చింది. అంత శ్రద్ధగా వింటోందన్నమాట.

‘అయితే ముందు రెట్టింపు సేసుకొని, అప్పుడు పంచుకుంతాదా?’

‘అవును. అందుకే దేనికీ ఏదీ తక్కువవదు.’

‘రెట్టింపు అవకుండా తొందరపడి ఇడిపోతే?’

‘అలగ విడిపోదు మామ్మా. ఎక్కడో తప్పు జరిగి ఒక దారం అటు పోవాల్సింది ఇటు పోనాదనుకో, రెండూ బాగుండవు. సచ్చిపోతాయి, నేపోతే రోగమొత్తాది.’

మామ్మ దుంగ వైపు ఒకసారి చూసింది. తరవాత ఒక చేప తోమి, మరొకటి తీసుకుని, ఎంతో మామూలుగా అడిగింది. ‘మరి ఆ తల్లి ఏటైపోతాది?’

‘ఏ తల్లి?’

‘అదేనే, ముందు ఒకటి ఉన్నాది కదా. రెండు పిల్లలయ్యేక అది ఏ మూల కూకుంతాది? ఎవులి కాడుంతాది?’

క్లాసులో నలభైమందిమి ఉన్నాం, ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. తట్టాల్సిన అవసరం మాకు లేదు. ఆలోచించి చెప్పాను. ‘తల్లి అని వేరేగా మిగలదు మామ్మా. సచ్చిపోదు కూడా. ఆ రెండూ అదే. ఒళ్ళు సెరిసగం అయితాది గాని, లోపల ఉండాల్సిందంతా ఇందులోనూ పూర్తిగానే ఉంతాది, అందులోనూ పూర్తిగానే ఉంతాది.’

‘పూర్తిగానే?’

‘పూర్తిగానే.’

మామ్మ చేతులు కడుక్కుని చుట్ట మళ్ళీ అంటించుకుంది. కడిగినా చేపల పొలుసుతో మెరుస్తున్న ఆ చేతుల్ని పట్టుకోవాలనిపించింది. మా ఇళ్ళల్లో అలా పట్టుకునే అలవాటు లేదు, అందుకని కవళ్ళ తట్ట ఎత్తి లోపల పెట్టాను.

తరవాతి ఆదివారం బాబాయి వేరుపడే మాట నోరు తెరిచి అనేశాడు. నాన్న, ‘అలగే కానీ’ అన్నారు. అంత తేలిగ్గా అన్నందుకు ఇద్దరూ బిత్తరపోయారు. మామ్మ గుమ్మంలో నిలబడి, ‘ఏరుపడండి, నానేటీ కాదనను. గాని ఈ ఇంట్లో ఉన్నయ్యన్నీ రెండేసి అవ్వాల. అయ్యేక పొండి’ అంది.

‘అన్నీ అంటే ఏటమ్మా’ అన్నాడు బాబాయి.

‘తెప్పకి తెప్ప, వలకి వల, రోలుకి రోలు. పొయ్యికి పొయ్యి. మీ అయ్యలాగ దుంగలు పంచుకుంతానంతే నాను ఒప్పను.’

నా పాఠం వల్లనే ఆవిడ అలా అందని నేను గొప్ప చెప్పుకోను. ఆ దుంగ మీద అన్నేళ్ళు కూర్చున్న మనిషికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. తెలిసినదానికి ఒక పద్ధతి ఉందని, ప్రాణమున్న ప్రతిదీ అలాగే చేస్తుందని నా నోట వింది, అంతే. దాంతో ధైర్యం వచ్చింది.

ఆ రెట్టింపుకు ఒక ఏడు పట్టింది. విచిత్రమేమిటంటే, వేరుపడదామనుకున్న అన్నదమ్ములు ఆ ఏడంతా కలిసి పనిచేయాల్సి వచ్చింది. దుంగలు ఎంచడానికి ఇద్దరూ వెళ్ళారు. చెక్కేటప్పుడు ఒకరు పట్టుకోకపోతే ఇంకొకరు చెక్కలేరు. కొత్త వల అల్లడానికి సాయంత్రాలు ఇద్దరూ చెరో కొసనా కూర్చునేవారు. మొదట్లో మాట లేకుండా, తరవాత దారం కండె అందుకో అని, ఆ తరవాత చిన్నప్పటి ఏవో తుంటరి పనులు గుర్తుచేసుకుని నవ్వుకుంటూ. పులుసు పెట్టడం మామ్మ పిన్నికి మళ్ళీ మొదటినుంచీ నేర్పింది. మసాలా నూరడం, చింతపండు ఎంత, చేప ఎప్పుడు వేయాలి, గరిటె పెట్టకుండా కుండ ఎలా తిప్పాలి. ‘నాకు వొచ్చత్తా’ అని పిన్ని అంటే, ‘వొచ్చునే కొండమ్మా. అక్కకి ఎంత వొచ్చో నీకూ అంతే వొచ్చాల’ అనేది. వీధికి అవతల బాబాయి పాక లేచింది. ఇంత కలిసిపోయారు కదా, ఇక వేరెందుకని అమ్మ ఒకరోజు అంది. మామ్మ ఒప్పుకోలేదు. రెట్టింపయ్యాక విడిపోకుండా ఉంటే అదీ మంచిది కాదట. నేను ఆ మాట చెప్పలేదు, ఆవిడే తేల్చుకుంది. ఆ తీర్పులో తప్పు పట్టడానికి నా చదువులో ఏమీ కనబడలేదు.

వేరుపడే రోజున కులపెద్దలు వచ్చి చాప మీద కూర్చున్నారు. పంచడానికేమీ లేదు. అన్నీ రెండేసి ఉన్నాయి, ఇది మీది, అది వాళ్ళది, అయిపోయింది. ఇంత తొందరగా పంపకం తెమిలిపోవడం వాళ్ళకే వెలితిగా అనిపించిందేమో, ఒకాయన అటూ ఇటూ చూసి, ‘మరి పోలమ్మప్ప సంగతేటి? అమాస అమాసకీ మార్సుకుంతారా?’ అన్నాడు.

నాన్న తల దించుకున్నారు. బాబాయి కాలి బొటనవేలితో ఇసుక గీకుతున్నాడు. పిన్ని అమ్మ చెయ్యి పట్టుకుంది. ఎవరైనా ఏమైనా అంటే బాగుండునని నేను గోడకు అతుక్కుని నిలబడ్డాను.

మామ్మే మాట్లాడింది. గొంతు పెంచలేదు. ‘నన్ను లెక్కెట్టకండి బాబూ. తెప్పకి జత సేయించినాను, రోలుకి జత తెచ్చినాను. నాకు జత నేదు. జత నేందాన్ని పంచితే ఎవులికీ ఏటీ రాదు. నాను ఇక్కడా ఉంతాను, అక్కడా ఉంతాను. రెండు కాడలా పూర్తిగానే ఉంతాను. ఏ రోజు ఎక్కడని నన్నడగొద్దు.’

‘అలగైతే కూడు ఎవులెడతారమ్మా’ అన్నాడు బాబాయి.

‘ఇద్దరూ వొండండి. నాకు ఎక్కడ ఆకలేస్తే అక్కడ తింతాను.’

పెద్దలు నవ్వేశారు. అందులో ఒకాయన మాత్రం నవ్వలేదు. ఎదురింటి వైపు చూస్తూ తువ్వాలు దులుపుకుని లేచాడు.

మాటన్నట్టే చేసింది. ఆవిడ మంచం ఎవరూ మోయలేదు. మధ్యాహ్నం ఎవరింటికొస్తుందో ఆవిడకే తెలియదు. అందుకని రెండిళ్ళలోనూ రోజూ ఆవిడకని ఒక మనిషి అన్నం ఎక్కువ వండేవారు. పొద్దువాలినా రాకపోతే అమ్మ గిన్నె మీద మూత పెట్టుకుని గుమ్మంలోకొచ్చి, ‘కొండమ్మా, అత్త మీ కాడున్నాదా’ అని కేకేసేది. ‘ఉన్నాదక్కా, తింతన్నాది’ అని అవతలినుంచి పిన్ని. ఇంకోరోజు పిన్ని అడిగేది, అమ్మ చెప్పేది. మిగిలిన ఆ ఒక్క మనిషి అన్నం మా పిల్లల్లో ఎవరికో దక్కేది. మామ్మ వాటా తిన్నవాళ్ళకి ఆ రోజు పని చెప్పకూడదని మాలో మాకొక చట్టం ఉండేది.

ఇప్పుడు మేమంతా దూరం దూరంగా ఉన్నాం. నా తమ్ముళ్ళు వేరుపడ్డప్పుడు స్టాంపు కాగితాలు వచ్చాయి, ఇంచుల లెక్కన కొలిచారు, రెండు వాటాలకూ మధ్య గోడ లేచింది. పద్ధతిగానే జరిగింది, ఎవరినీ తప్పు పట్టను. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళాలన్నా ముందు ఫోను చేసి, భోజనానికి వస్తున్నామో లేదో చెప్పి వెళ్తాం. చెప్పకుండా వెళితే మనకని వండిన అన్నం ఏ ఇంట్లోనూ ఉండదు. ఆ రోజుల్లో బీదతనం ఉంది, నోటి దురుసుతనం ఉంది, మళ్ళీ రమ్మంటే నేను రాను. ఆ ఒక్క మనిషి అన్నం మాత్రం నాకు కావాలి.

నేను లెక్చరరు ఉద్యోగంలో చేరిన కొత్తలో మామ్మ పోయింది. అడ్డపొగ వల్ల అంగిట్లో పుండు లేచింది. కణాలు వేళాపాళా లేకుండా రెండవుతూ పోయే రోగమది. అది పాఠంగా నాకు తెలుసు, ఆవిడకు మాత్రం చెప్పలేకపోయాను. కర్మ అయ్యేవరకూ రెండిళ్ళలోనూ పొయ్యి వెలగలేదు, చుట్టాలే తెచ్చి పెట్టారు. ఆ మర్నాడు మొదటిసారి వండుకున్నాం. నేను ఇంట్లోనే ఉన్నాను. అందరం తిన్నాక అమ్మ అలవాటుగా ఒక గిన్నె మీద మూత పెట్టుకుని గుమ్మంలోకెళ్ళి, ‘కొండమ్మా, అత్త మీ కాడున్నాదా’ అంది. అన్నాక గుర్తొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వీధికి అవతల పిన్ని అప్పటికే తన గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ చేతిలోనూ మూత పెట్టిన గిన్నె. ఒకసారి ఆ గిన్నెకేసి చూసుకుంది. తరవాత, ‘ఉన్నాదక్కా’ అంది. ‘మీ కాడ?’

‘ఉన్నాది’ అంది అమ్మ.

ఇద్దరూ గుమ్మాలు దిగి వచ్చి, వీధి మధ్యన ఇసుకలో కూర్చుని, ఒకరి గిన్నెలో అన్నం ఒకరు తిన్నారు.